లాగే లాబ్రడార్‌కు ఏ కాలర్?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు ఎనిమిది నెలలు. వాకింగ్‌కు తీసుకెళ్తే చెయ్యి ఊడిపోయేలా లాగుతోంది. షాక్ కాలర్ కొనమంటున్నారు. మంచిదేనా?

జవాబు: వద్దే వద్దు. షాక్ కాలర్ కుక్కకు నేర్పేది నొప్పిని తప్పించుకోవడమే, పక్కన నడవడం కాదు. ఎదురుగా ఓ పిల్లాడు వస్తున్నప్పుడు షాక్ తగిలితే ఆ బాధకు కారణం వాడేనని కుక్క అనుకోవచ్చు. ఆ భయమే రేపు కరిచేదాకా తీసుకెళ్లొచ్చు. వేల్స్‌లో 2010 నుంచే వీటి వాడకాన్ని నిషేధించారు. గొంతును నొక్కేసే చోక్ చైన్, లోపల ముళ్లుండే కాలర్ కూడా వద్దు.

లాగే కుక్కకు ఛాతీ ముందు రింగు ఉన్న హార్నెస్ మేలు. కుక్క ముందుకు దూకగానే లీష్ దాని ఒంటిని పక్కకు తిప్పుతుంది, లాగుడు బలం తగ్గుతుంది. రింగు వీపు మీద మాత్రమే ఉంటే ఒళ్లంతా పెట్టి మరింత లాగుతుంది. కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఇదే. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకూ హార్నెసే నయం. ముధోల్ హౌండ్‌కు తల సన్నం, మామూలు కాలర్ జారిపోతుంది. కొంతమేరకే బిగిసే మార్టింగేల్ కాలర్ దానికి సరిపోతుంది.

మెడలో ఫోన్ నంబరు బిళ్ల తగిలించడానికి మెత్తటి పట్టీ చాలు. దాని కింద రెండు వేళ్లు దూరాలి. మీ లాబ్రడార్‌ది పెరిగే వయసు కాబట్టి తరచూ వదులు చేయాలి.

ఏది తొడిగినా శిక్షణ తప్పదు. లీష్ బిగిస్తే యజమాని ఆగిపోవాలి, వదులైతేనే కదలాలి. పక్కన నడిచినప్పుడల్లా ఉడికించిన చికెన్ ముక్క చిన్నది అందించాలి.