ఆసుయంత్రం – అన్వేషణ నుంచి అంగడి దాకా

ఉద్దేశం

నూతన సాంకేతిక విజ్ఞానం పెద్ద ప్రయోగశాలల్లోనే జనిస్తుందనే అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉంది. అది మగ్గం పక్కన, ఇంటి వసారాలో కూడా జనించగలదు. అయితే పుట్టిన యంత్రం అవసరమున్నవారి చేతికి చేరడానికి మరొక సుదీర్ఘ ప్రయాణం చేయవలసి ఉంటుంది. ఆ రెండు ప్రయాణాలను ఒక నేతకుటుంబపు అనుభవం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పోచంపల్లి చీరను చూసినవారి దృష్టి మొదట రంగుల మీద నిలుస్తుంది. ఒక రంగు మరొక రంగులోకి మెల్లగా ఒదిగిపోయినట్లుండే ఆ ఆకృతులు బట్ట మీద అద్దినవి కావు, సూదితో కుట్టినవీ కావు. నేయడానికి ముందే దారానికి రంగు పట్టించి, ఆ రంగుదారాలను మగ్గం మీద వాటి వాటి స్థానాలలో పొందికగా కూర్చడం వల్ల ఆ చిత్రం రూపుదిద్దుకుంటుంది. ప్రపంచం ఈ పద్ధతిని ఇకత్ అని వ్యవహరిస్తుండగా, తెలంగాణ నేతకారులు చిటికి అంటారు. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, ఆలేరు పరిసర గ్రామాలలో ఎన్నో కుటుంబాలకు ఇది తరతరాల జీవనాధారం.

మగ్గం ఎక్కడానికి ముందు దారం అనేక దశలు దాటుతుంది. వాటిలో ముఖ్యమైనది ఆసు పోయడం. ఆసు అనేది ఒక చట్రం. దానికి ఒకవైపు ఒకే ఒక మేకు ఉంటుంది. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస ఉంటుంది. పేకదారాన్ని ఆ ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, అక్కడి నుంచి మళ్ళీ ఒంటి మేకుకు తిప్పుతూ పోవాలి. అర్ధవలయం మీది మేకులన్నీ ఒంటి మేకుకు సమాన దూరంలో ఉంటాయి కనుక ప్రతి పోగూ ఒకే పొడవున వస్తుంది. ఆ పొడవు చీర పన్నాకు సరిపోతుంది. తరువాత ఆ పోగుల మీద బొగ్గుతో గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగునీటిలో ముంచుతారు. మరొక రంగు కావలసివస్తే మళ్ళీ కట్టు, మళ్ళీ అద్దకం. ఆసులో చుట్లు తప్పితే గుర్తులు తప్పుతాయి. గుర్తులు తప్పితే మగ్గం మీద బొమ్మ చెదిరిపోతుంది.

సంప్రదాయంగా ఈ పని ఇంటి స్త్రీలది. ఒక చీరకు ఆసు పోయాలంటే చేయి మీటరు దూరం మేర సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. అందుకు నాలుగైదు గంటల కాలం పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే స్త్రీ చేయి 18,000 సార్లు కదులుతుందన్నమాట. చేయి కదులుతున్నంతసేపూ చూపు మేకుల మీదనే నిలపాలి. సంవత్సరాల తరబడి ఈ పని చేసిన స్త్రీలకు భుజాల నొప్పి, చూపు మందగించడం తప్పనిసరి బాధలయ్యాయి. ఇంటిపనిలో భాగంగా సాగిపోయే ఈ శ్రమకు వేరుగా కూలి ఉండేది కాదు. మగ్గం మీద కూర్చున్నవానిని నేతగాడని లోకం గుర్తించింది గాని, ఆసు ముందు కూర్చున్న ఆమెకు ఒక పేరైనా పెట్టలేదు.

అటువంటి స్త్రీలలో లక్ష్మి ఒకరు. ఆమె కుమారుడు చింతకింది మల్లేశం. వారిది ఆనాటి నల్లగొండ జిల్లా, ఆలేరు మండలంలోని శారాజీపేట గ్రామం. ఆ ప్రాంతం నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఆర్థిక పరిస్థితుల కారణంగా మల్లేశం పాఠశాల చదువు మధ్యలోనే ఆగిపోయింది. చిన్న వయస్సులోనే కులవృత్తిలో ప్రవేశించారు. తల్లి రోజంతా ఆసు పోసి, రాత్రివేళ భుజం నొప్పితో బాధపడడం ఆయన నిత్యం చూసేవారు. ఆ పని ఇక తన వల్ల కాదని తల్లి చెప్పవలసివచ్చిన నాడు ఆ కుటుంబం ముందు ఒక కఠినమైన ప్రశ్న నిలిచింది. ఆసు లేనిదే చీర లేదు. చీర లేనిదే ఇల్లు గడవదు. అందుకు మల్లేశం వెదికిన సమాధానం యంత్రం.

1992లో ఆయన ప్రయత్నం ప్రారంభమైంది. యంత్రశాస్త్రంలో శిక్షణ లేదు, చేతిలో ధనం లేదు. చేతి కదలికను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క భాగాన్ని కల్పించడం ఆయన అనుసరించిన మార్గం. మొదట కొయ్యతో నమూనా చేయడం, అది పనిచేయకపోతే విప్పి మరొక విధంగా అమర్చడం, సంపాదించిన కొద్దిపాటి సొమ్మునూ అప్పు తెచ్చిన సొమ్మునూ మళ్ళీ దానికే వెచ్చించడం, ఈ విధంగా సంవత్సరాలు గడిచాయి. మనిషి చేయి మాత్రమే చేయగల పనిని ఇనుము చేస్తుందా అని ఇరుగుపొరుగువారు సందేహించారు. కొందరు హేళన చేశారు. ఇంటి బాధ్యతలు పెరిగాయి. చివరకు మేకుల చుట్టూ దారాన్ని తిప్పే చలనం ఒక్కటే కొరకరాని కొయ్యగా మిగిలింది.

1997లో బతుకుతెరువు కోసం మల్లేశం హైదరాబాదు చేరి, విద్యుత్తు పనులు చేయడం మొదలుపెట్టారు. పని దొరికినా ఆలోచన ఆగలేదు. 1999లో బాలానగర్ ప్రాంతంలోని ఒక కర్మాగారంలో పనిచేస్తుండగా అక్కడి యంత్రంలో ఒక భాగం కదులుతున్న తీరు ఆయన దృష్టిని ఆకర్షించింది. తాను ఏళ్ళుగా వెదుకుతున్న చలనం అదేనని గ్రహించారు. ఆ సూత్రం ఆధారంగా భాగాన్ని తయారుచేయించి, తన యంత్రానికి అమర్చారు. ఏడేళ్ళుగా మొరాయించిన యంత్రం ఆసు పోసింది. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరలో పూర్తయింది. ఆ యంత్రానికి ఆయన తల్లి పేరు పెట్టారు. అదే లక్ష్మీ ఆసుయంత్రం.

సాధారణంగా ఆవిష్కర్తల కథలు ఇక్కడితో ముగుస్తాయి. నిజానికి రెండవ కథ ఇక్కడే ఆరంభమవుతుంది. ఒక ఇంటిలో ఒక యంత్రం నడిచినంత మాత్రాన అది అంగడి వస్తువు కాదు. తయారుచేసినవానికి దాని ప్రతి మరా తెలుసు. అది ఆగితే ఎక్కడ తట్టాలో తెలుసు. కొనేవారికి ఆ జ్ఞానం ఉండదు. అందువల్ల ఏ నూతన సాధనమైనా అంగడికి చేరాలంటే కొన్ని పరీక్షలలో నెగ్గవలసి ఉంటుంది.

మొదటిది నమ్మకం. నేతకుటుంబానికి పట్టుదారమే పెట్టుబడి. దారం తెగినా, చుట్ల లెక్క తప్పినా నష్టం భరించవలసినది ఆ కుటుంబమే. కనుక మాటలతో చెప్పిన గుణాలను వారు నమ్మరు. యంత్రం మీద పోసిన ఆసు కట్టుకూ అద్దకానికీ నిలిచి, మగ్గం మీద బొమ్మ తప్పకుండా వచ్చినప్పుడే నమ్ముతారు. ఒక ఊరి నేతగాడికి మరొక నేతగాడి ఇంటిలో నడుస్తున్న యంత్రాన్ని మించిన ప్రకటన లేదు. మల్లేశానికి ఉన్న గొప్ప అనుకూలత ఇదే. ఆయన బయటి నుంచి వచ్చిన వర్తకుడు కాదు. కొనేవారి కష్టం తెలిసిన సాటి నేతగాడు.

రెండవది వెల. ఈ యంత్రాన్ని కొనవలసినవారు కొన్ని మండలాల నేతకుటుంబాలు మాత్రమే. అంత చిన్న అంగడి కోసం పెద్ద పరిశ్రమలేవీ పెట్టుబడి పెట్టవు. పేదవాని అవసరం ఎంత తీవ్రమైనదైనా, అతని కొనుగోలు శక్తి స్వల్పమైతే ఆ అవసరం వ్యాపార లెక్కలలో కనబడదు. కనుక యంత్రం నేతగాడు భరించగల వేల రూపాయల పరిధిలోనే ఉండాలి. విడిభాగాలు సమీపంలోనే దొరకాలి. యంత్రం కొన్న కొందరు తమ పనితోపాటు ఇతరులకు కూడా కూలికి ఆసు పోసి ఇవ్వసాగారు. తద్వారా యంత్రం ఖర్చు తిరిగివచ్చే మార్గం ఏర్పడింది. కొనలేనివారికి కూడా దాని ప్రయోజనం అందింది. అంతకు ముందు వెల లేని ఇంటిచాకిరీగా ఉన్న పని, వెల గల వృత్తిగా మారింది.

మూడవది నిరంతర సంస్కరణ. మొదటి యంత్రమే చివరి యంత్రమని మల్లేశం భావించలేదు. వాడుతున్నవారి ఇబ్బందులను గమనిస్తూ, చుట్ల లెక్కింపునకూ ఆకృతుల మార్పునకూ అనువుగా తరువాతి కాలంలో ఎలక్ట్రానిక్ నియంత్రణను జోడించారు. అందుకు అవసరమైన విషయాలను పుస్తకాలు చదివి స్వయంగా నేర్చుకున్నారు. మధ్యలో ఆగిన చదువు అవసరం కోసం మళ్ళీ మొదలైంది.

నాల్గవది హక్కు. నూతన సాధనాన్ని కనుగొన్నవారికి ప్రభుత్వం నిర్ణీత కాలం పాటు ఇచ్చే చట్టబద్ధమైన హక్కును పేటెంటు అంటారు. మన దేశంలో దాని కాలపరిమితి దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 సంవత్సరాలు. హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదని నేత చరిత్రే చెబుతుంది. ఇంగ్లండుకు చెందిన జాన్ కే 1733లో వేగంగా పరుగెత్తే నాడెకు పేటెంటు పొందాడు. దానిని వాడుకొని లాభపడిన యజమానులు అతనికి చెల్లించవలసిన సొమ్మును ఎగవేయడానికి సంఘంగా ఏర్పడ్డారు. వ్యాజ్యాలలో అతని ధనం హరించుకుపోయింది. చివరకు అతడు ఫ్రాన్సుకు వలసపోయి, అక్కడే పేదరికంలో మరణించాడు. ఒంటరి ఆవిష్కర్తకు అండగా నిలిచే వ్యవస్థ ఎంత అవసరమో ఈ ఉదంతం తెలుపుతుంది. మల్లేశానికి అటువంటి అండ లభించింది. గ్రామీణ ఆవిష్కర్తలను వెదకి వెలుగులోకి తెచ్చేందుకు బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపిన పల్లెసృజన సంస్థ ఆయన కృషిని గుర్తించింది. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ పేటెంటు విషయంలో తోడ్పడింది.

యంత్రం అనగానే చేతివృత్తులవారి మనస్సులో ఒక భయం కలగడం సహజం. మరమగ్గాల వల్ల చేనేత ఎంతగా దెబ్బతిన్నదో వారికి అనుభవమే. ఆసుయంత్రం కూడా అదే కోవకు చెందినదా అనే ప్రశ్న ఉదయించక మానదు. మరమగ్గం నేతగాని నైపుణ్యం స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆసుయంత్రం నైపుణ్యాన్ని తాకదు. ఆకృతిని ఊహించడం, గుర్తులు పెట్టడం, చిటికి కట్టడం, రంగు కలపడం, మగ్గం మీద పోగుకు పోగు సరిచూసి నేయడం, ఇవన్నీ మనిషి చేతిలోనే ఉన్నాయి. యంత్రం తీసుకొన్నది వేలసార్లు ఒకే విధంగా చేయి కదిలించే శ్రమను మాత్రమే. చేతిమగ్గం మీద నేసిన ఆ చీర చేనేత చీరగానే మిగిలింది. ఏ పనిని యంత్రానికి అప్పగించాలి, ఏ పనిని మనిషి నిలుపుకోవాలి అనే వివేచన ప్రతి నూతన సాంకేతికతకూ వర్తిస్తుంది.

ఈ వివేచన ఫలితాన్నిచ్చింది. చేతితో రోజుకు రెండు చీరలకు మించి సాగని ఆసు, యంత్రం మీద ఆరేడు చీరల వరకు సాగింది. నేతగ్రామాలలో వందల సంఖ్యలో ఈ యంత్రాలు నెలకొన్నాయి. 2017లో భారత ప్రభుత్వం మల్లేశాన్ని పద్మశ్రీతో సత్కరించింది. ఆయన జీవితం ఆధారంగా మల్లేశం అనే తెలుగు చలనచిత్రం 2019లో విడుదలైంది.

బిరుదులూ సన్మానాలూ ఆవిష్కర్తకు చెందుతాయి. ఆవిష్కరణ ఫలం మాత్రం వాడుకొనేవారికి చెందాలి. మల్లేశం తన తల్లి కోసం ఒక యంత్రాన్ని చేసి అంతటితో ఆగి ఉంటే ఆయన మంచి కుమారుడిగా మాత్రమే మిగిలేవారు. అదే యంత్రాన్ని ఇరుగింటి తల్లి కొనగల వెలకు, నడపగల తీరుకు తెచ్చినందువల్ల పారిశ్రామికుడు కాగలిగారు. ఒకరి బాధను చూసి కలిగిన ఆలోచన అనేకుల బాధను తీర్చే వస్తువుగా మారినప్పుడే సాంకేతిక విజ్ఞానం సార్థకమవుతుంది. నేడు ఆలేరు ప్రాంతంలో ఆసుయంత్రం పక్కన కూర్చున్న స్త్రీ భుజం నొప్పి లేకుండా దారం సరిచూసుకోగలగడమే ఆ సార్థకతకు నిదర్శనం.

కఠిన పదాలు – అర్థాలు

పడుగు – మగ్గం మీద నిలువుగా సాగే దారం
పేక – పడుగు మధ్యగా అడ్డంగా సాగే దారం
పన్నా – బట్ట వెడల్పు
నాడె – పేకదారాన్ని అటూ ఇటూ చేరవేసే మగ్గం సాధనం
చిటికి – రంగు అంటకుండా పోగులను కట్టే పద్ధతి
కొరకరాని కొయ్య – సాధించడానికి వీలుకానిది
వ్యాజ్యం – న్యాయస్థానంలో వేసిన దావా
వివేచన – మంచి చెడులను విడదీసి ఆలోచించడం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆసుయంత్రం రూపొందడానికి దారితీసిన పరిస్థితులను, మల్లేశం సాధనను వివరించండి.
2. నూతన సాధనం అంగడికి చేరడానికి నెగ్గవలసిన పరీక్షలు ఏవి? పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆసు పోసే విధానాన్ని వర్ణించండి.
2. మరమగ్గానికీ ఆసుయంత్రానికీ గల భేదమేమి?
3. జాన్ కే ఉదంతం ద్వారా ఏమి గ్రహించవచ్చు?

ఇ) కింది వాటికి ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. యంత్రానికి లక్ష్మి అనే పేరు ఎందుకు వచ్చింది?
2. పేటెంటు అంటే ఏమిటి?
3. మల్లేశం ఏ సంవత్సరంలో పద్మశ్రీ పొందారు?

ఈ) మీ ఊరిలోని ఏదైనా ఒక చేతివృత్తిని పరిశీలించి, అందులో శరీరాన్ని ఎక్కువగా నొప్పించే పని ఏదో, దానిని ఏ విధంగా తేలిక చేయవచ్చో పదిహేను వాక్యాలలో రాయండి.