ఇంటర్నెట్ టెలిఫోన్: సిప్ సర్వరు, గేట్‌వే అమర్చే విధానం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం రాసి పంపమని వార్డెన్ సార్ అడిగినప్పుడు చాలా సేపు ఆలోచించాను. నేను ఎం.సి.ఎ. ప్రాజెక్టులో చేసిన పని గురించే రాస్తే మీకు ఉపయోగపడుతుందనిపించింది. అది ఇంటర్నెట్ ద్వారా ఫోను మాట్లాడుకునే సర్వరు. ఇది ఎక్కడో అమెరికాలో వాడే విద్య అనుకోవద్దు. మన ఎమ్మిగనూరులోని పిల్లలకు ఈ విషయం ఎందుకు కావాలో ముందు చెబుతాను.

నేను ఈ హాస్టల్‌లో 9వ తరగతి చదువుతున్నప్పుడు మా అవ్వ చనిపోయింది. అమ్మానాయన అప్పుడు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోయి ఉన్నారు. వాళ్ల నెంబరు హాస్టల్ నోటుబుక్కులో రాసే ఉంది. కాని అక్కడికి పోయాక మేస్త్రి వేరే సిమ్ తీసుకున్నాడు. పాత నెంబరుకు ఎన్నిసార్లు చేసినా స్విచ్ ఆఫ్. వాళ్లకు కబురు అందేసరికి మూడో రోజు అయింది. మట్టి అయిపోయిన తర్వాత వచ్చారు. ఆ రోజు ఫోను పాడు కాలేదు, సిగ్నల్ పోలేదు. మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడనే లెక్క మాత్రమే పాతబడింది. సిప్ సర్వరు పాఠంలో మొదటి అధ్యాయం సరిగ్గా ఇదే.

సిప్ అంటే ఏమి?

సిప్ అంటే సెషన్ ఇనిషియేషన్ ప్రోటోకాల్. ఇద్దరి మధ్య సంభాషణను మొదలుపెట్టడానికి, ముగించడానికి కంప్యూటర్లు పాటించే నియమావళి. ఇది 1999 మార్చిలో మొదటిసారి ప్రమాణంగా వెలువడింది. సవరించిన రూపం 2002 జూన్‌లో వచ్చింది. నేటికీ అదే ఆధారం. దీనిని రూపొందించిన వారిలో కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ హెన్నింగ్ షుల్జ్‌రిన్ ముఖ్యులు.

మీకు తెలియకుండానే మీరు దీనిని వాడుతున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు దాని కాల్స్ అన్నీ 4జి మీద డేటా రూపంలోనే వెళ్లాయి. ఆ పద్ధతిలో కాల్ కలపడానికి వాడేది సిప్ నియమాలే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ పథకంలో ఒకే తీగ మీద ఇంటర్నెట్, టి.వి., టెలిఫోను మూడూ ఇచ్చారు. 2018లో బి.ఎస్.ఎన్.ఎల్. 'వింగ్స్' పేరుతో, సిమ్ అవసరం లేకుండా, సెల్ ఫోనులోని యాప్ ద్వారా పది అంకెల నెంబరు ఇచ్చే సేవను తెచ్చింది. అదీ సిప్ మీదే నడిచింది.

ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. సిప్ మాటను మోసుకుపోదు. మాట మోసేది ఆర్.టి.పి. అనే వేరే నియమావళి. మనది చేనేత ఊరు కాబట్టి ఇలా చెబుతాను. మగ్గం మీద ముందు పడుగు సరిచేస్తారు, తర్వాతే పేక నడుస్తుంది. సిప్ పడుగు, ఆర్.టి.పి. పేక. ఈ రెండూ వేర్వేరు దారులని తెలిస్తే సగం పాఠం వచ్చినట్లే.

సర్వరు చేసే మొదటి పని: రిజిస్ట్రేషన్

ప్రతి ఫోనూ సర్వరుకు తన పేరు, సంకేతపదం చూపించి, "నేను ప్రస్తుతం ఈ చిరునామాలో ఉన్నాను" అని నమోదు చేసుకుంటుంది. ఈ నమోదుకు గడువు ఉంటుంది. సాధారణంగా 3600 సెకన్లు, అంటే ఒక గంట. గంట దాటేలోపు మళ్లీ నమోదు చేసుకోకపోతే సర్వరు ఆ పేరు కొట్టేస్తుంది. ఫోను కర్నూలు నుండి గుంటూరుకు పోయినా, చిరునామా మారినా, కొత్త నమోదుతో లెక్క సరి అవుతుంది. నెంబరు మాత్రం మారదు.

గంట గడువు ఎక్కువనిపిస్తే సర్వరే మధ్యమధ్యలో "ఉన్నావా?" అని అడిగేలా అమర్చవచ్చు. నేను 60 సెకన్లకు ఒకసారి అడిగేలా పెట్టాను. జవాబు రాకపోతే ఆ ఫోను అందుబాటులో లేదని వెంటనే తెలుస్తుంది. మా ఇంటి విషయంలో లేనిది ఈ ఏర్పాటే.

కాల్ ఎలా కలుస్తుంది?

201 నెంబరు వాడు 202కు చేశాడనుకుందాం. 201 నుండి సర్వరుకు ఆహ్వానం వెళుతుంది. సర్వరు 401 అనే సంఖ్యతో "ముందు నీవెవరో నిరూపించుకో" అంటుంది. నిరూపించుకున్నాక 100, అంటే ప్రయత్నిస్తున్నాను అని. అవతల మోగితే 180. ఎత్తితే 200. అప్పుడు మాట మొదలవుతుంది. నెంబరు లేకపోతే 404, బిజీగా ఉంటే 486. ఈ సంఖ్యలు పరీక్షకు బట్టీ పట్టడానికి కాదు. కాల్ కలవనప్పుడు సర్వరు లాగులో ఏ సంఖ్య వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది.

సర్వరు అమరిక

నేను వాడిన సాఫ్ట్‌వేరు ఆస్టెరిస్క్. దీనిని 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా విద్యార్థి రాశాడు. తన చిన్న కంపెనీకి టెలిఫోన్ ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక తానే తయారుచేసుకున్నాడు. అది ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. లినక్స్ ఉన్న పాత కంప్యూటరు చాలు.

పాత పుస్తకాలలో కనిపించే 'చాన్ సిప్' అనే భాగాన్ని 2023లో వచ్చిన 21వ వెర్షన్ నుండి తీసివేశారు. ఇప్పుడు 'పి.జె.సిప్' నేర్చుకోవాలి. అందులో ఒక్కో ఫోనుకు మూడు భాగాలు రాయాలి.

1. ఎండ్‌పాయింట్: ఈ ఫోను ఏ కోడెక్‌లో మాట్లాడాలి, ఏ డయల్ ప్లానులోకి రావాలి.
2. ఆథ్: యూజరు పేరు, సంకేతపదం.
3. ఎ.ఓ.ఆర్.: ఈ పేరు మీద ఎన్ని చోట్ల నమోదు కావచ్చు, ఎంతసేపటికి ఒకసారి పలకరించాలి.

ఈ మూడింటిలో ఏ ఒక్క దాని పేరు తప్పు రాసినా ఫోను నమోదు కాదు. నాకు మొదటి రెండు రోజులు ఒక్క అక్షర దోషంతోనే పోయాయి. సిప్ సాధారణంగా 5060 పోర్టులో నడుస్తుంది. రహస్యంగా పంపే టి.ఎల్.ఎస్. పద్ధతికి 5061.

గేట్‌వే: రెండు ఊళ్ల మధ్య తలుపు

ఇంతవరకు సర్వరుకు తెలిసిన ఫోన్లు వాటిలో అవి మాట్లాడుకున్నాయి. మామూలు టెలిఫోను తీగతో కలపాలంటే గేట్‌వే కావాలి. దానికి రెండు రకాల పోర్టులు ఉంటాయి. ఎఫ్.ఎక్స్.ఎస్. పోర్టు ఫోనుకు కరెంటు, డయల్ టోన్ ఇస్తుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోనును దీనికి తగిలించాలి. ఎఫ్.ఎక్స్.ఓ. పోర్టు ఎక్స్ఛేంజి నుండి వచ్చే లైనును అందుకుంటుంది. ఒకటి ఇచ్చేది, ఇంకొకటి తీసుకునేది. లైనును తప్పు పోర్టులో పెడితే పని చేయకపోగా పరికరం కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. పెద్ద ఆఫీసుల్లో ఇ1 లైను వాడతారు. అందులో ఒకేసారి 30 మంది మాట్లాడవచ్చు.

మా ల్యాబులో ఒక వింత జరిగింది. ఇరువైపులా ఫోను పెట్టేసినా లైను మాత్రం ఖాళీ కావడం లేదు. కారణం, గేట్‌వేలో ఇంకొక దేశపు టోన్లు పెట్టి ఉన్నాయి. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. ఆ లెక్క పెట్టగానే గేట్‌వే కాల్ ముగిసిందని గుర్తుపట్టి లైను వదిలింది. కోడెక్ కూడా అంతే. మన దేశపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడేది జి.711లో ఎ-లా రకం. దానినే మొదట రాయాలి.

డయల్ ప్లాన్

ఏ నెంబరు నొక్కితే ఎటు పోవాలో రాసే పట్టిక డయల్ ప్లాన్. మూడంకెలు 2తో మొదలైతే లోపలి ఫోను. ముందు 9 నొక్కితే ఆ 9ని తీసేసి మిగిలిన నెంబరును గేట్‌వేకు పంపాలి. ఉదాహరణకు ఆదోనికి 9, తర్వాత 08512, ఆ తర్వాత నెంబరు. అత్యవసర నెంబరు 112 మాత్రం 9 లేకుండానే పోయేలా తప్పక రాయండి. భయంలో ఉన్నవాడికి ముందు 9 నొక్కాలనే సంగతి గుర్తుండదు.

మోగింది కాని మాట వినపడలేదు

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నాయన టచ్ ఫోనులో లిన్‌ఫోన్ అనే ఉచిత యాప్ వేసి, 210 నెంబరు ఇచ్చాను. ఆయన మళ్లీ సుగ్గికి పోయాక ల్యాబు నుండి ఆ నెంబరుకు చేశాను. మోగింది, ఎత్తాడు. నేను "నాయనా, నాయనా" అంటున్నాను. అటునుండి ఏమీ లేదు. పెట్టేశాను. కాసేపటికి మామూలు నెంబరు నుండి చేసి, "నీ మాట నాకు ఇనపడ్తాంది గదప్పా, నేను పలుకుతాంటే నీకు ఇనపడల్యాదా?" అన్నాడు.

ఎందుకు ఇలా అయింది? మా సర్వరు ల్యాబు రూటరు వెనుక ఉంది. దాని చిరునామా 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా. "నీ మాట ఇక్కడికి పంపు" అని నాయన ఫోనుకు ఆ లోపలి చిరునామాయే రాసి ఇచ్చింది. ఊరి పేరు లేకుండా "3వ రూము" అని మాత్రమే రాసి ఉత్తరం పోస్టు చేసినట్లు. సిప్ సందేశాలు చేరాయి కాబట్టి ఫోను మోగింది. మాటకు దారి తెలియక ఒకవైపే పోయింది. పడుగు, పేక వేరని ముందు చెప్పింది ఇందుకే.

దీనికి చేయవలసినవి మూడు. మొదటిది, సర్వరులో బయటి చిరునామా ఏదో, లోపలి నెట్‌వర్కు ఏదో రెండూ స్పష్టంగా రాయాలి. రెండవది, మాట పోయే పోర్టులను రూటరులో సర్వరు వైపు తెరవాలి. ఆస్టెరిస్క్‌తో వచ్చే నమూనా ఫైలులో ఇవి 10000 నుండి 20000 వరకు ఉంటాయి. మూడవది, ఫోన్లు నేరుగా ఒకదానికొకటి మాట పంపుకోకుండా సర్వరు గుండానే పంపేలా 'డైరెక్ట్ మీడియా'ను ఆపాలి. ఇవి చేసిన సాయంత్రం నాయనతో, అమ్మతో పదకొండు నిమిషాలు మాట్లాడాను.

ఎంత ఇంటర్నెట్ కావాలి?

లెక్క చేసి చూద్దాం. జి.711లో మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లుగా రాస్తారు. అంటే 64 కిలోబిట్లు. దీనిని సెకనుకు 50 ప్యాకెట్లుగా విడగొడితే ఒక్కొక్కదానిలో 160 బైట్ల మాట ఉంటుంది. పైన చిరునామాల కోసం ఇంకో 40 బైట్లు. మొత్తం 200 బైట్లు, 50 ప్యాకెట్లు, 8 బిట్లు గుణిస్తే 80 కిలోబిట్లు. పది మంది ఒకేసారి మాట్లాడితే ఒక్కో దిశలో 800 కిలోబిట్లు. ఇంటర్నెట్ తక్కువగా ఉన్న చోట జి.729 కోడెక్ వాడితే ఇదే లెక్కన ఒక్కో కాల్‌కు 24 కిలోబిట్లే. వేగం ఒక్కటే చాలదు, ఆలస్యం కూడా చూడాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట సహజంగా ఉంటుంది.

తలుపుకు గొళ్లెం

ఇంటర్నెట్‌లో 5060 తెరిచి ఉందంటే దొంగలు వెతుక్కుంటూ వస్తారు. నేను పరీక్ష కోసం 201 నెంబరుకు సంకేతపదం కూడా 201 అని పెట్టాను. మరుసటి ఉదయం లాగు చూస్తే ఎక్కడెక్కడి నుండో వందల ప్రయత్నాలు. ఒకడు లోపలికి వచ్చి విదేశీ నెంబర్లు నొక్కాడు. అదృష్టవశాత్తు అప్పటికి గేట్‌వే తగిలించలేదు. తగిలించి ఉంటే బిల్లు కాలేజీ కట్టవలసి వచ్చేది. కాబట్టి సంకేతపదం పొడవుగా ఉండాలి. పేరు తెలియని అతిథులను రానివ్వకూడదు. అవసరం లేకపోతే 00తో మొదలయ్యే నెంబర్లను డయల్ ప్లానులోనే ఆపాలి. తప్పు సంకేతపదంతో పదేపదే వచ్చే చిరునామాలను 'ఫెయిల్ టు బ్యాన్'తో అడ్డుకోవాలి. బయటి నుండి వచ్చిన కాల్ తిరిగి బయటికి పోయే దారి ఎన్నడూ ఉంచవద్దు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1 నుండి పరిమితంగా అనుమతి ఇచ్చారు. ఒక ఆవరణలో మన ఫోన్లను మన పేరున ఉన్న లైనుతో కలుపుకోవడం వేరు. ఇంటర్నెట్‌లో వచ్చే ఇతరుల కాల్స్‌ను డబ్బుకోసం లోకల్ నెంబర్లలోకి దింపడం వేరు. రెండవది లైసెన్సు ఉన్న సంస్థలే చేయాలి. హైదరాబాదులో అద్దె గదుల్లో సిమ్ బాక్సులు పెట్టి ఈ పని చేసిన వారిని పోలీసులు పట్టుకున్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. తమ్ముళ్లారా, ఈ విద్య వచ్చిందని తెలిస్తే "గదిలో పెట్టె చూసుకుంటే చాలు, నెలకు ఇంత ఇస్తాం" అనేవాళ్లు వస్తారు. మన ఇళ్లలో డబ్బు ఇబ్బంది ఉంటుందని వాళ్లకు తెలుసు. ఆ పెట్టె దగ్గర దొరికేది మనమే, పెట్టించినవాడు కాదు.

ముగింపు

మా ఇంట్లో డిగ్రీ చదివినవాడిని నేనే మొదటివాడిని. మొదటి ఏడాది ల్యాబులో అందరికీ తెలిసిన మాటలు నాకు తెలియక సిగ్గుపడి అడగలేదు. దానివల్ల నష్టపోయింది నేనే. మీరు అడగండి. నెట్‌వర్కింగ్ మూలసూత్రాలు, లినక్స్ నేర్చుకుని, ఒక పాత కంప్యూటరు, రెండు సెల్ ఫోన్లు, ఒక వైఫై రూటరుతో ఈ పాఠం మొత్తం రూపాయి ఖర్చు లేకుండా చేసి చూడవచ్చు.

చివరగా వార్డెన్ సార్‌కు ఒక మనవి. సుగ్గి మొదలయ్యే నెలల్లో ప్రతి ఆదివారం పిల్లల తల్లిదండ్రుల నెంబర్లను మళ్లీ అడిగి నోటుబుక్కులో సరిచేయించండి. దానికి సర్వరు అక్కరలేదు, ఒక పెన్ను చాలు. నమోదుకు గడువు ఉంటుందని నాకు సిప్ నేర్పింది. ఆ గడువు దాటితే ఏమవుతుందో మాత్రం నేను ఈ హాస్టల్‌లోనే నేర్చుకున్నాను.