చెరకు నుండి స్టైరీన్ వరకు : ఆచార్య దొరైస్వామి కృషి

రసాయన చర్యలో పాల్గొని, దాని వేగాన్ని పెంచి, తుదకు తాను మార్పు చెందక మిగిలే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. ఈ నిర్వచనం మన విద్యార్థులందరికీ కంఠస్థమే. కాని చెరకు పండే మన సీమకు, ఉత్ప్రేరక శాస్త్రానికి గల సంబంధం ఎరిగినవారు తక్కువ. ఆచార్య ఎల్.కె. దొరైస్వామి జీవితం ఆ సంబంధాన్ని విశదపరుస్తుంది.

ఆయన 1927లో బెంగుళూరులో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, మద్రాసులో కెమికల్ ఇంజనీరింగ్ అభ్యసించి, 1952లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. 1954లో పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో చేరి, 1978 నుండి 1989 వరకు దానికి డైరెక్టరుగా ఉన్నారు. ఎం.ఎం. శర్మతో కలిసి రచించిన రెండు సంపుటాల గ్రంథం 1984లో వెలువడింది. 1990లో పద్మభూషణ్ లభించింది. పిమ్మట అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బోధించి, 2012లో దివంగతులైనారు.

ఆయన నాయకత్వంలో ఆ ప్రయోగశాల జియోలైటు ఉత్ప్రేరకాలపై విశేష కృషి చేసింది. జియోలైటు అనగా సిలికా, అల్యూమినాలతో ఏర్పడిన స్ఫటికం. దాని సూక్ష్మరంధ్రాలు జల్లెడ వలె తగిన పరిమాణం గల అణువులను మాత్రమే పోనిస్తాయి. అక్కడ రూపొందిన 'ఆల్బీన్' పద్ధతిలో ఆల్కహాలు, బెంజీను ఆవిరులు ఈ ఉత్ప్రేరకంపై కలిసి ఇథైల్ బెంజీనుగా మారుతాయి. మిగిలేది నీరే. పూర్వపు పద్ధతిలో యంత్రాలను తినివేసే అల్యూమినియం క్లోరైడు వాడవలసి వచ్చేది. ఈ కొత్త పద్ధతిని విశాఖపట్నంలోని హిందుస్థాన్ పాలిమర్స్ కర్మాగారం అమలుపరచింది. ఇథైల్ బెంజీను నుండి హైడ్రోజనును తొలగిస్తే ప్లాస్టిక్కులకు మూలమైన స్టైరీన్ వస్తుంది.

ఆల్కహాలు పంచదార మిల్లుల మొలాసిస్ నుండి లభిస్తుంది. బెల్లపు పెనంలో మొలాసిస్ వేరుపడదు, కనుక ఆ లాభం బెల్లం వండే రైతుకు నేరుగా చెందదు. ఇథైల్ బెంజీనులోని ఎనిమిది కర్బన పరమాణువులలో రెండు మాత్రమే చెరకువి. ఆరు బెంజీను ద్వారా వచ్చినవి. కనుక దీనిని సంపూర్ణ పునరుత్పాదక పద్ధతి అనలేము, తొలి మెట్టు అనవచ్చును. 2025 నాటికి మన దేశం పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థితికి చేరింది. ఇది అదే దారిలో మరొక మెట్టు.

'ఆల్కహాలు' అనే మాట అరబ్బీ 'అల్ కుహ్ల్' నుండి వచ్చినదే. మత్తు కొరకు నిషిద్ధమైన పదార్థం పరిశ్రమలో ఎంత ప్రయోజనకారియో గమనించదగినది.

అయితే విజ్ఞానానికి జాగరూకత తోడు కావాలి. అదే కర్మాగారం 1997లో ఎల్.జి. సంస్థ వశమైంది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున అక్కడ నిలువ ఉంచిన స్టైరీన్ వేడెక్కి, ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. స్టైరీన్ అణువులు తమంతట తాము గొలుసుకట్టుగా కలుస్తూ వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి చర్యను మరింత పెంచుతుంది. అందుకే దానిని చల్లగా ఉంచి, నిరోధక పదార్థాన్ని కలిపి, అనుదినం పరీక్షించాలి. ఇక్కడ కావలసినది చర్యను పెంచే విద్య కాదు, ఆపే విద్య.

విద్యార్థులారా! మీలో పలువురు రేపు పరవాడ, అచ్యుతాపురం కర్మాగారాలలో ఉద్యోగాలు చేయవచ్చును. చర్యావేగమును గూర్చిన పాఠం పరీక్షలో మార్కులకే పరిమితం కాదు. దానిపై మన ఇరుగుపొరుగు ప్రాణాలు ఆధారపడి ఉన్నవి. దానిని శ్రద్ధతో అభ్యసించండి.