గ్యాస్ ఇంజెక్షన్ పెడుతున్నారా? పేషెంటు పక్కనున్నవారు ఇలా చూసుకోండి

ఆసుపత్రిలో చేరిన రోజే చాలామందికి చిన్న గాజు సీసాలోని తెల్లపొడిని కలిపి నరానికి ఎక్కిస్తారు. ఏమిటని అడిగితే ‘గ్యాస్ ఇంజెక్షన్’ అంటారు. మందుల చీటీలో ‘పాన్ 40’ అనో, ‘పాంటాప్’ అనో ఉంటుంది. నిజానికి ఇది గ్యాస్‌ను తీసే మందు కాదు. కడుపులో ఆమ్లం తయారీని తగ్గించే పాంటాప్రజోల్. దీన్ని రాయాల్సింది డాక్టరు, పెట్టాల్సింది నర్సు. పక్కన కూర్చున్నవారికీ కొంత పని ఉంది. వరసగా చూద్దాం.

1. ఎందుకిస్తున్నారో అడగండి

‘మాత్ర ఇవ్వకూడదా డాక్టరుగారూ?’ అని అడగడంలో తప్పులేదు. మాత్ర కంటే ఇంజెక్షన్‌కు పవర్ ఎక్కువని మనలో గట్టి నమ్మకం. పాంటాప్రజోల్ విషయంలో 40 మిల్లీగ్రాముల మాత్ర, 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఆమ్లాన్ని తగ్గించడంలో దాదాపు సమానం. ఇంజెక్షన్ కాస్త ముందుగా పని మొదలుపెడుతుంది, అంతే. నోటి దారి మూసుకున్నప్పుడు వాడే పక్కదారి ఇది.

ఆ అవసరం ఎవరికి? వాంతులు ఆగక మాత్ర నిలవనివారికి, ఆపరేషన్ కోసం ఏమీ తినవద్దన్నవారికి, మింగలేనివారికి, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవారికి. కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నవారికి ఇది మరీ ముఖ్యం. రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం దానికి గుర్తులు.

2. డాక్టరు అడగకపోయినా ఇవి చెప్పండి

ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ పాంటాప్రజోల్‌కు దగ్గర చుట్టాలు. వీటిలో ఏది వాడినా ఎప్పుడైనా దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు వచ్చి ఉంటే ముందే చెప్పాలి. కాలేయ జబ్బు, గర్భం, పాలిచ్చే తల్లి అన్న సంగతులూ దాచవద్దు.

ఇంట్లో వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. రక్తం పలచబడే వార్ఫరిన్, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, హెచ్‌ఐవీకి వాడే అటాజనవిర్, రిల్పివిరిన్ ఉంటే తప్పక చూపించండి. ఈ చివరి రెండూ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. అందుకే వాటితో పాంటాప్రజోల్ ఇవ్వరు. మోకాళ్ల నొప్పికని షాపులో కొని వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సంగతి కూడా చెప్పాలి. చాలామందిలో పుండుకు మూలం ఆ మాత్రలే.

3. సీసా మీద మూడు చూడండి

మందు పేరు, మోతాదు, గడువు తేదీ. మామూలుగా సీసాలో 40 మిల్లీగ్రాములు ఉంటుంది. ఛాతీలో మంట, అన్నవాహికలో పుండ్లు ఉన్న పెద్దవారికి రోజుకు ఒకసారి ఒక సీసా సరిపోతుంది. పుండు నుంచి రక్తం కారితే లెక్క వేరు. ఎండోస్కోపీతో రక్తం ఆపాక, చాలాచోట్ల ముందు 80 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆపైన గంటకు 8 మిల్లీగ్రాముల చొప్పున 72 గంటలు ఎక్కిస్తారు. జోలింజర్ ఎలిసన్ అనే అరుదైన జబ్బులోనూ ఎక్కువ మోతాదే కావాలి. కాబట్టి పక్క బెడ్డువారి లెక్కతో మన లెక్క పోల్చకండి. అనుమానం వస్తే కేస్ షీటులో ఏముందో నర్సును అడగండి.

4. కలిపే తీరు తెలుసుకోండి

ఈ మందు ద్రవంలో ఎక్కువసేపు నిలవదు. అందుకే పొడిగా వస్తుంది. నర్సు చేతులు శుభ్రం చేసుకుని, సీసా మూతను స్పిరిట్ దూదితో తుడిచి, 10 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌ను సిరంజితో లోపలికి పంపి కలుపుతారు. పొడి పూర్తిగా కరిగి, నీళ్లలా తేటగానో లేత పసుపుగానో కనిపించాలి. రంగు మారినా, లోపల నలుసులు తేలినా వాడకూడదు. పొద్దున కలిపి టేబుల్ మీద వదిలేసింది సాయంత్రం పెట్టబోతే, ‘ఇది ఎప్పుడు కలిపారు సిస్టర్?’ అని మెల్లగా అడగండి.

5. ఎక్కించేటప్పుడు గడియారం చూడండి

పాంటాప్రజోల్‌ను నరానికే ఇవ్వాలి. కండకు గాని, చర్మం కిందకు గాని ఇవ్వరు. పాత రానిటిడిన్ ఇంజెక్షన్ కండకు ఇచ్చేవారు కదా అని ఇక్కడ అదే లెక్క వేయకూడదు.

సిరంజితో నేరుగా ఇస్తే కనీసం రెండు నిమిషాలు పట్టాలి. 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి ఇస్తే సుమారు పావుగంట. ఆ సమయంలో అదే గొట్టంలో ఇంకో మందు కలపకూడదు. ముఖ్యంగా మత్తుకు వాడే మిడజోలామ్‌తో ఇది పడదు. అందుకే ముందూ వెనుకా సెలైన్‌తో గొట్టాన్ని కడుగుతారు. బాటిల్ తొందరగా అయిపోవాలని మీరు చక్రం తిప్పి చుక్కల వేగం పెంచకండి.

6. చేతిని, మనిషిని గమనించండి

చేతి నరంలో పెట్టిన కాన్యులా దగ్గర మంట, వాపు, ఎరుపు కనిపిస్తే వెంటనే చెప్పండి. నరం వాచిందేమో చూసి కాన్యులా మారుస్తారు. తలనొప్పి, వికారం, విరేచనాలు కొందరికి వస్తాయి. అవి తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరాడకపోవడం మాత్రం ఆగి చూసే సంగతులు కావు. ఆ క్షణమే డ్యూటీ డాక్టర్ని పిలవండి.

7. మాత్రకు ఎప్పుడు మారుస్తారో అడగండి

పేషెంటు ఇడ్లీ తిని నిలుపుకోగలుగుతున్నాడంటే ఆ ప్రశ్న వేసే వేళయింది. అన్నవాహిక పుండ్లకు ఈ ఇంజెక్షన్ సాధారణంగా ఏడు నుంచి పది రోజుల లోపే. నోటితో తీసుకోగలిగితే అంతకుముందే మాత్రకు మారుస్తారు. మాత్రను టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవడం మంచిది. నమలకూడదు, పొడి చేయకూడదు. పైపొర పోతే కడుపులోని ఆమ్లం మందును పాడుచేస్తుంది.

8. డిశ్చార్జి కాగితం మీద తేదీ రాయించుకోండి

మాత్ర ఏ రోజు వరకు వేసుకోవాలో స్పష్టంగా అడగండి. ఏళ్ల తరబడి అడగకుండా కొనసాగిస్తే మెగ్నీషియం, బి12 తగ్గవచ్చు, ఎముకలు విరిగే ముప్పు పెరగవచ్చు. డాక్టరు ఎక్కువకాలం కావాలని చెప్పినవారు మాత్రం భయపడి తమంతట తాము మానకూడదు.

పుండుకు హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా కారణమేమో పరీక్ష చేశారా అని కూడా అడగండి. దీన్ని బయటపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమి ఉంటే యాంటీబయాటిక్ కోర్సు వాడాలి, ఆమ్లం తగ్గించినంత మాత్రాన పోదు. ఊపిరి పరీక్షకు, మలపరీక్షకు రెండు వారాల ముందు నుంచి పాంటాప్రజోల్ ఆపమంటారు. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు.

ఇంటికొచ్చాక ఇవి గుర్తుంచుకోండి

రాత్రి భోజనానికీ పడకకూ రెండు మూడు గంటల ఎడం ఉండాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేస్తే పుల్లతేన్పులు తగ్గుతాయి.

కడుపుబ్బరంగా ఉందని ఊళ్లో ఎవరినో పిలిపించి ఇంట్లో ‘గ్యాస్ ఇంజెక్షన్’ వేయించుకోవద్దు. మింగగలిగినవారికి అది అనవసరం. ఎలర్జీ వస్తే అక్కడ ఆదుకునే ఏర్పాటు ఉండదు. ఛాతీ పట్టేసినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పోస్తే దాన్ని గ్యాస్ అనుకోకండి. అది గుండెపోటు కావచ్చు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి చేరండి. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపించినా అంతే. మాత్ర వేసి తెల్లారేదాకా చూడకుండా అప్పటికప్పుడే బయల్దేరండి.