షటిల్ హాలులో ఏ లెన్స్?

పిల్లలు షటిల్ ఆడుతుంటే ఫొటోలు తీద్దామని కెమెరా కొన్న మనవాళ్లు తరచూ అడిగే మాట: "ఇంకా దూరం జూమయ్యే లెన్స్ ఏది?" ఇండోర్ హాలులో కొరత దూరానిది కాదు, వెలుతురుది. కోర్టు మొత్తం పొడవే 13.4 మీటర్లు.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే అపెర్చర్ 5.6కు మించి తెరుచుకోదు. 50 ఎంఎం, 1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. జూమ్ ఉండదు, మనమే అటూ ఇటూ జరగాలి. కానీ లెన్సుల్లో చవకైన వాటిలో ఇదొకటి. పండుగ అడ్వాన్సుతో 70-300 కొనాలనుకునేవారు ఒక్క క్షణం ఆగండి. దాని విలువ పగటిపూట క్రికెట్ మైదానంలో తెలుస్తుంది, హాలులో కాదు.

ఇక సెట్టింగులు. స్మాష్ కొట్టే చేయి చెదరకుండా రావాలంటే షటర్ వేగం సెకనులో 1000వ వంతు ఉండాలి. సర్వీసుకు 500వ వంతు చాలు. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, అపెర్చర్ 2 దగ్గర ఉంచి, ఐఎస్ఓను ఆటోకు వదిలి 6400 వరకు వెళ్లనివ్వండి. ఫొటో కాస్త గరుకుగా వస్తుంది, రానివ్వండి. గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన ముఖాన్ని ఏం చేయగలం? ఫోకస్ మాత్రం ఆటగాణ్ణి వెంటాడేదిగా ఉండాలి: కానన్‌లో సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి.

వరుసగా తీసిన ఫొటోల్లో ఒకటి తెల్లగా, మరొకటి పసుపుగా వస్తే కెమెరాను అనుమానించకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. యాంటీ-ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. ఫ్లాష్ మాత్రం వద్దేవద్దు. అది ఆడే పిల్లల కళ్లలో కొడుతుంది.