అక్కచెల్లెళ్ళను విడివిడిగా పెంచు

కాకినాడ

చి.ల.సౌ. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాం. ఇసక గుట్ట పక్కన దొరికాయన్నావు కదా, ఆ రెండు కుక్కపిల్లలూ ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతుంటే మీ అత్తయ్య పదిసార్లు పెట్టించుకుని చూసింది. వాటి వాలకం చూస్తే రెండు నెలలుంటాయి. ఒకే ఈత, రెండూ ఆడవే. "ఒకదానికొకటి తోడుంటాయి, నేను ఆఫీసుకెళ్ళినా బెంగ లేదు మావయ్యా" అన్నావు. ఆ మాట వినే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే సగం వాటి అరుపుల్లోనే పోతుంది.

ముందే అడిగుంటే ఒకదాన్నే తెచ్చుకోమనేవాణ్ణి. అది ఏడాదిన్నర పెరిగి, మాట వినడం వచ్చాక ఇంకోదాన్ని తెస్తే, చిన్నదానికి సగం బుద్ధులు పెద్దదే నేర్పేది. సరే, వచ్చేశాయి, పెంచాల్సిందే. వాటి మధ్య తోడు గురించి నువ్వు శ్రమపడక్కర్లేదు, అది పుట్టినప్పటి నుంచీ ఉంది. నీతో చెలిమే కష్టపడి సంపాదించుకోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెల్లెలితో ఆడి అలిసిపోయిన పిల్లకి నువ్వు పిలిస్తే రావాల్సిన అవసరం ఏముంటుంది? అన్నం గిన్నె పట్టుకొచ్చే మనిషివి, అంతే.

డాగ్ స్క్వాడ్‌లో పనిచేసినవాణ్ణి కనక చెబుతున్నాను. మొయినాబాద్‌లో పోలీసు శిక్షణకి వచ్చే లాబ్రడార్‌లు, జర్మన్ షెపర్డ్‌లు, బెల్జియన్ మాలినోయ్‌లు నువ్వు టీవీలో చూసే ఉంటావు. ఒకే తల్లి పిల్లలైనా సరే, దేని హ్యాండ్లర్ దానికే. కుక్క కళ్ళు తన మనిషి మీద ఉండాలి, పక్క కుక్క మీద కాదు. నీకు బాంబులు వెతికే కుక్క అక్కర్లేదు గానీ, రోడ్డు మీదికి పరిగెత్తుతుంటే "ఆగు" అంటే ఆగే కుక్క కావాలి కదా.

నెట్‌లో వెతికితే "లిటర్‌మేట్ సిండ్రోమ్" అని గుండెలు అదరగొట్టే రాతలు కనిపిస్తాయి. కంగారుపడకు. అది పశువైద్యులు నిర్ధారించే జబ్బేమీ కాదు. ఒకదాన్నొకటి వదలలేకపోవడం, విడదీస్తే ఏడుపు, కొత్తవాళ్ళంటే భయం, మనిషి మాట చెవికెక్కకపోవడం, ఇవన్నీ కలిపి జనం పెట్టుకున్న పేరు. కలిసి పుట్టిన జంటలన్నీ అలా తయారవవు. విడిగా పెంచే ఓపిక లేని ఇళ్ళలో ఎక్కువగా తయారవుతాయని నా నమ్మకం.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న కాలం చాలా విలువైనది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి 1965లో పుస్తకం వేశారు. పిల్లకి మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా లోకం పరిచయమయ్యే వయసని తేల్చారు. ఇప్పుడు పధ్నాలుగు వారాల దాకా లెక్కేసుకుంటున్నారు. ఆలోపు బెదరకుండా చూసినవి తర్వాత మామూలైపోతాయి, చూడనివి భయపెడతాయి. అంటే నీకు మిగిలింది నెలా, నెలన్నర. చిక్కేమిటంటే టీకాల వరస కూడా అప్పటికి పూర్తవదు, కాబట్టి వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపకూడదు. చంకనేసుకుని తిప్పు. వాచ్‌మన్ యూనిఫాం, లిఫ్ట్ చప్పుడు, బస్సు హారన్, హెల్మెట్ పెట్టుకున్నవాడు, కర్ర పట్టుకుని నడిచే తాతగారు, స్కూలు పిల్లలు, అన్నీ చూడనివ్వు. ఇంట్లో కుక్కర్ కూత, మిక్సీ సరేసరి. ఒక్కసారికి ఒక్కదాన్నే తీసుకెళ్ళు. రెండోది అల్లుడి దగ్గర ఉంటుంది. మర్నాడు మార్చుకోండి, లేకపోతే నీ కుక్క, ఆయన కుక్క అని ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి.

ఒక్కదాన్నే అని ఎందుకంటున్నానంటే, జంటలో ఒకటి దిట్టగా ఉంటుంది, ఇంకోటి దాని వెనక నక్కి బతికేస్తుంది. కలిసి ఉన్నంతసేపూ నీకు రెండూ ధైర్యంగానే కనిపిస్తాయి. అక్క మొరిగితే చెల్లీ మొరుగుతుంది, అక్క మెట్లు దిగితే చెల్లీ దిగుతుంది. విడదీసినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. గుమ్మం దాటగానే తోక కాళ్ళ మధ్యకి పోయిందా, చెవులు వెనక్కి వాలాయా, ఆవలిస్తోందా, మూతి నాక్కుంటోందా చూడు. అన్నిటికన్నా తేలిక పరీక్ష, ఇంట్లో ఎగబడి తినే బిస్కట్టు ముక్క బయట ముట్టకపోవడం. అలాగైతే భయపడుతోందని అర్థం. బలవంతంగా ఈడ్చుకెళ్ళకు, రెండడుగులు వెనక్కి రా, అది తినే దూరంలో కూర్చో. ఆ పిల్లకి దిట్టదానికన్నా రెట్టింపు సమయం పడుతుంది. దాన్ని చూసి "ఇది మొద్దు" అని పేరు పెట్టకండి.

పేర్లంటే గుర్తొచ్చింది. చిన్ని, మున్ని అన్నావు. ముద్దుగానే ఉన్నాయి గానీ వంటింట్లోంచి కేకేస్తే రెండూ ఒకటిగానే వినపడతాయి. ఒకదాని పేరు మార్చు. ఇప్పుడు మారిస్తే వారంలో అలవాటు పడుతుంది. తర్వాత పని: పేరు పిలిచి, చూసినదానికే చేతిలో ముక్క పెట్టు. కూర్చో, రా, ఆగు, వదులు, ఈ నాలుగు మాటలూ చాలు, ఇంగ్లీషులో చెప్పాలన్న నియమం లేదు, ఇంట్లో అందరూ ఒకే మాట వాడితే సరి. ఒక్కోదానితో ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. ఆ ఐదు నిమిషాలూ రెండోది తలుపవతల నమిలే బొమ్మతో ఉండాలి. విడిగా బాగా వచ్చాకే రెండింటినీ కలిపి చెప్పించు.

పడక కూడా వేరే. కవలపిల్లల్ని బళ్ళో వేరే సెక్షన్లలో వేసినట్టు. మొదటి రాత్రే వేరే గదులంటే ఊరంతా లేస్తుంది, అలా వద్దు. నీ మంచం పక్కనే రెండు పరుపులు, మధ్యలో అట్టపెట్టె అడ్డం. రోజుకింత దూరం జరుపు. పగలు కూడా కాసేపు ఒకటి నీతో హాల్లో, ఇంకోటి గదిలో. కాస్త గునిసితే గునవనీ. గొంతు చించుకుని తలుపు గీరుతోందంటే తొందరపడ్డావన్నమాట, సమయం తగ్గించు. ఎందుకింత పట్టుదల అంటావేమో. రేపు ఒకటి ఆస్పత్రిలో రెండు రోజులు ఉండాల్సొస్తే రెండోది అన్నం మానేసి కూర్చుంటుంది.

ఉచ్చ సంగతి నీకే తెలుసు, నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బాల్కనీలో కాగితం మీదికి. కలిపి వదిలితే ఏది పోసిందో, ఏది పోయలేదో తెలీదు.

టీకాలు మాత్రం ఆలస్యం చెయ్యకు. సెవెన్ ఇన్ వన్ ఇప్పుడే మొదలెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. మూడు నెలలకి రేబీస్. నులిపురుగుల మందు రెండింటికీ ఒకే రోజు, కానీ బరువు విడిగా తూచి. ఒకటి డీలా పడి, వాంతులూ రక్తవిరేచనాలూ పట్టుకుంటే పార్వో అనే అంటుజబ్బు కావచ్చు, గంటలు లెక్క. డాక్టరుకి రెండోదాన్నీ చూపించు. వీధిలోంచి తెచ్చిన పిల్లలు, పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. మిమ్మల్ని గీరితే, కొరికితే చిన్నదే కదా అనుకోకుండా సబ్బూ నీళ్ళతో పావుగంట కడిగి అదే రోజు మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇందులో మొహమాటం పనికిరాదు. తిండి రోజుకి మూడు నాలుగుసార్లు, గిన్నెలు వేరు, మూలలు వేరు. ఉల్లిపాయ వేసిన సాంబారన్నం, చాక్లెట్, ద్రాక్ష పెట్టకు.

చివరగా కాస్త ఇబ్బందైన మాట. ఆడవి రెండూ ఏడాది, రెండేళ్ళ వయసులో పట్టుపట్టి కొట్టుకోవడం ఉంది, ఇళ్ళలో కుక్కల గొడవల్లో ఆడజంటలవి ఎక్కువగానూ, గట్టిగానూ ఉంటాయి. ఎముక, గిన్నె, నీ ఒడి, వీటి దగ్గరే మొదలవుతుంది. మధ్యలో చెయ్యి పెట్టకు, గట్టిగా చప్పుడు చెయ్యి, అడ్డంగా అట్టో కుర్చీయో తోయి. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టర్ని అడుగు. దాంతో కాన్పుల బెడద పోతుంది గానీ గొడవలు కూడా పోతాయని నమ్ముకోకు. నెల రోజులు చేసి చూశాక ఇద్దరి ఉద్యోగాలతో ఇది సాగదనిపిస్తే, వాటికి నాలుగు నెలలు నిండేలోపే ఒకదానికి మంచి ఇల్లు చూడు. అది ద్రోహమేమీ కాదు. అత్తయ్య ఇప్పటికే కన్నేసింది, అది వేరే సంగతి.

ఎరుపూ నీలం మెడపట్టీలు పార్సిల్‌లో వేశాను. ఆదివారం ఒక్కోదాన్నీ విడిగా లిఫ్ట్ దాకా ఎత్తుకెళ్ళి, ఏది బిస్కట్టు తిన్నదో, ఏది మొహం తిప్పుకుందో నాకు రాయి.

మీ మావయ్య