క్షేత్ర ప్రయోగ దత్తాంశం: ఫైళ్ల నామకరణం, నిల్వ రూపాలు

ఇంగ్లండులోని రోథాంస్టెడ్‌లో 1843లో ఆరంభమైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. తొలినాటి దిగుబడులను ఈనాటి వాటితో పోల్చగలుగుతున్నామంటే, ఆ నమోదులు తరువాతి తరాలకు అర్థమయ్యే రూపంలో నిలిచి ఉండటమే కారణం. గడచిన పంటకాలం తిరిగి రాదు. దత్తాంశం చదవరానిదైతే ప్రయోగం చేయనట్లే. కావున పరిశోధక విద్యార్థులు పాటించదగిన పద్ధతులను ఇక్కడ వివరించడమైనది.

నామకరణం: ‘కొత్తది’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ వంటి పేర్లు పంటను గాని, సంవత్సరాన్ని గాని తెలుపవు. పేరులో పంట, ప్రయోగాంశం, క్షేత్రం, తేదీ, సవరణ సంఖ్య వరుసగా ఉండాలి. ఉదాహరణకు: వరి_నత్రజని_బాపట్ల_2024-11-18_02. కొన్ని గణాంక సాఫ్ట్‌వేర్లు తెలుగు లిపిని సరిగా గ్రహించవు కనుక ఆచరణలో దీనినే రోమన్ అక్షరాలలో వ్రాయడం మేలు. ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం ప్రకారం సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో తేదీ వ్రాసినచో, పేర్ల వరుసలో అమర్చిన ఫైళ్లు కాలక్రమంలోనే కనిపిస్తాయి.

నిల్వ రూపం: రెప్లికేషన్, మడి సంఖ్యలను 3-5 అని నమోదు చేస్తే ఎక్సెల్ దానిని తేదీగా మార్చివేస్తుంది. ఆర్3పి5 వలె అక్షరాలు చేర్చినచో ఈ చిక్కు ఉండదు. మానవ జన్యువుల పేర్లు కొన్ని ఇట్లే తేదీలుగా మారుతున్నందున, నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది.

పాత ఎక్స్.ఎల్.ఎస్. రూపంలో ఒక పట్టికలో 65,536 వరుసలే పడతాయి. నిమిషానికి ఒక నమోదు చేసే వాతావరణ యంత్రపు లెక్కలు 46వ రోజుననే ఆ పరిమితిని దాటుతాయి. దీర్ఘకాల నిల్వకు సి.ఎస్.వి. రూపం అనువైనది. ఇది కామాలతో విడదీసిన సాదా పాఠ్యం. ఏ సాఫ్ట్‌వేరుతోనైనా తెరవవచ్చును. అయితే ఇందులో రంగులు, సూత్రాలు, రెండవ పట్టిక నిలువవు. కనుక ‘పసుపు రంగు గడులు వరదకు గురైన మడులు’ వంటి సమాచారానికి ప్రత్యేక నిలువు వరుసను కేటాయించాలి.

తెగులు తీవ్రతను కొలిచే ఛాయాచిత్రాల మూలప్రతిని మార్చకుండా దాచాలి. జేపెగ్ చిత్రాన్ని సవరించి దాచిన ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. సవరించిన ప్రతిని టిఫ్ రూపంలో ఉంచవచ్చును.

చివరగా, సంకేతాలను, కొలమానాలను తెలిపే చిన్న వివరణ ఫైలును దత్తాంశంతోపాటే ఉంచాలి. దిగుబడి మడికి గ్రాములలోనా, హెక్టారుకు కిలోలలోనా అన్నది తెలియనప్పుడు, ఎంత చక్కని పేరు పెట్టిన ఫైలైనా తరువాతి పరిశోధకునికి ఉపయోగపడదు.